తేరుకున్న నీళ్ళు

మా అక్క మొగుణ్ణి ఊళ్ళో అందరూ సీసాలాయన అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చేసింది ఒకటే పని. ఊరికి మంచినీళ్ళిచ్చే వాగులో రోజూ ఒక సీసా ముంచి, ఆఫీసులో పొడవాటి గాజుగొట్టంలో పోసి, అడుగునున్న నల్లగుర్తు ఎంత స్పష్టంగా కనబడుతుందో పుస్తకంలో రాయడం. ఆ అడుగున చీమ నడిస్తే ఆడదో మగదో చెప్పేవాడని మనవలతో అంటుంటాను. వాళ్ళు సగమే నమ్ముతారు.

ఆయనా నేనూ ఒకే కాన్వెంటులో చదివాం. పేజీ మీద సిరామరక పడితే మదర్ గారు పుస్తకాన్ని రెండుగా చింపి చేతిలో పెట్టేవారు. నేను మరకలతోనే పెద్దవాణ్ణయ్యాను. బావకు ఆ భయం పోలేదు. వానపడి వాగు ఎర్రగా పరిగెడుతుంటే, ఒడ్డున గొడుగేసుకుని గంటల తరబడి కూర్చునేవాడు. నీళ్ళు తేరుకున్నాకే సీసా ముంచేవాడు. బురద సీసా పట్టుకెళ్ళడం పని చేతకానివాడి లక్షణమని ఆయన నమ్మకం.

వాగుకు ఎగువన కొండవాలు మీద చెట్లు కొట్టి ఇళ్ళ స్థలాలు వేశారు. నాలుగేళ్ళకు ఆ స్థలాలవాళ్ళే వాగు ఒడ్డున మిగిలిన చెట్లూ కొట్టడానికి అనుమతి కావాలన్నారు. మట్టిని ఆపుతున్నవి ఆ వేళ్ళేనని, అవి పోతే కొండ కుళాయిల్లోకి దిగుతుందని బావ కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. విచారణ రోజున ముప్పై ఒక్క పుస్తకాలూ తెచ్చాడు. సగం నేనే మోశాను.

అధికారిణి ఓపికగా పేజీలు తిప్పింది.

“పైన చెట్లు పోయి నాలుగేళ్ళయింది కదండీ. మీ పుస్తకాల్లో నీళ్ళేం మారలేదే.”

“వానలో మారతాయమ్మా.”

“మరి వానలో పట్టినవేవి?”

“వాన రోజులవీ ఉన్నాయి. తేరుకున్నాక పట్టాను.”

ఆమె పెన్ను కింద పెట్టింది. ఇంత శుభ్రంగా పుస్తకాలు రాసే మనిషిని చూడలేదని స్థలాలవాళ్ళ లాయరు మెచ్చుకున్నాడు. బావ తల వంచుకున్నాడు. నేను లేచి, వాగు ఎర్రగా పారడం కళ్ళారా చూశానన్నాను. నా కోతలు తెలిసిన ఊరంతా నవ్వింది. నేను నిజం చెప్పిన రోజు అదొక్కటే.

చెట్లు పోయాయి. బావ రిటైరయ్యాడు. మొదటి పెద్దవానకు అక్క కుళాయి తిప్పితే పల్చటి బురద వచ్చింది.

“కాసేపాగితే తేరుకుంటాయిలెండి” అంది అక్క.

“ఆగకూడదే” అంటూ బావ సీసా పెట్టి నింపి, తేదీ రాసి అంటించాడు. అది ఎవరికివ్వాలో ఆయనకు తెలియదు.

ఇప్పుడు వంటింటి కిటికీ నిండా అలాంటి సీసాలే. అక్క పగలే లైటు వేసుకుని వండుతోంది. కదలకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగి పైనీళ్ళు తేటపడతాయి. అందుకే బావ రోజూ పొద్దున్నే ఒక్కొక్క సీసానూ తీసి, బాగా కుదిపి, మళ్ళీ అక్కడే పెడతాడు.