ముదీర్ శుక్రవారం జోడీ

మా రూమ్‌లో నా మాటను సగానికి కోసి, ఆ సగంలో మళ్ళీ సగమే నమ్ముతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఇక్కడ గల్ఫ్‌లో, ఖురియాత్ సముద్రంలో కాలు పెడితే ఒక చేప నా బొటనవేలిని గుర్తుపట్టి పలకరించిందని చెప్పిన మనిషిని నేను. అలాంటి నన్ను ఒకే ఒక్క అబద్ధం పదకొండు శుక్రవారాలు బంధించింది.

నేను ప్లాస్టరింగ్ మేస్త్రీని. ఒకరోజు సైట్‌లో చాయ్ వేళ మా ముదీర్, అంటే మేనేజరు, చిన్న పళ్ళెమంత ప్లాస్టిక్ చక్రం ఒకటి సరదాగా విసిరాడు. అది వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి తిరిగి విసిరితే సూటిగా వెళ్ళి ఆయన చేతిలో వాలింది. పాతికేళ్ళుగా తాపీతో మాలును గోడకు కొడుతున్న మణికట్టు నాది. ఎక్కడ కొట్టమంటే అక్కడే కొడుతుంది. ఆ నిజం చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నిజంలో రుచి తక్కువ కదా! మా జిల్లాకు ఈ చక్రం విసిరే ఆటలో నేనే చాంపియన్‌నని, గెలిచిన కప్పులు పెట్టుకోవడానికి ఇంట్లో చోటు చాలక గొడ్లపాకలో పెట్టానని హిందీలో చెప్పాను.

ఆ వారం నుంచి నా సెలవు రోజు నాది కాకుండా పోయింది. శుక్రవారం ఏడింటికల్లా రూమ్ ముందు ఆయన కారు హారన్ మోగేది. ఘుబ్రాలో ఒక పార్కు. అందులో దూరదూరంగా తొమ్మిది ఇనుప స్తంభాలు, ఒక్కోదానికి గొలుసులు వేలాడే బుట్ట. గీత దగ్గర నిలబడి చక్రం విసరాలి. అది పడ్డ చోటి నుంచి మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాళ్ళదే గెలుపు. ఇద్దరిద్దరు జోడీగా ఆడతారు. ఎప్పుడూ ఓడిపోయే మా ముదీర్ నేను జోడీ అయ్యాక గెలవడం మొదలుపెట్టాడు. నా కొంప మునిగింది అక్కడే. పార్కు కంచె నా నడుము ఎత్తు కూడా లేదు. నాకు మాత్రం అది జైలు గోడే.

ఇంటి దగ్గర నా భార్యకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడిది బాగా ముదిరింది, ఇక ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు అన్నాడట. రెండుసార్లు ఆపరేషన్‌కు రమ్మంటే రెండుసార్లూ ఆస్పత్రి మెట్ల దాకా వెళ్ళి భయపడి తిరిగొచ్చింది. నేను పక్కన ఉంటేనే చేయించుకుంటానని మొండిపట్టు. మూడోసారి రమ్మన్న రోజు దగ్గరపడుతోంది.

సెలవు కాగితం పెట్టాను. ముదీర్ చదివి, నవ్వి, నా చేతికే తిరిగిచ్చాడు.

"పోయిన నెల నీ డ్యూటీ కార్డు ఒంటె తినేసిందన్నావు. అంతకుముందు మీ మామ ట్రాక్టరును భుజాన వేసుకుని వాగు దాటాడన్నావు. ఇప్పుడు భార్య కళ్ళా? వచ్చే నెల పోటీ ఉంది, ముందు అది కానివ్వు."

ఒట్టు వేశాను. ట్రాక్టరు కథకు కూడా ఒట్టు వేశావని గుర్తుచేశాడు.

రూమ్‌కు వచ్చి పక్క మంచం మేస్త్రీకి చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. "చాంపియన్ అని ఎవడు చెప్పమన్నడే నీకు? ఇగ ఓడిపో. ఓడినోన్ని ఎవడుంచుకుంటడు?"

సలహా బాగానే ఉంది. చేయి వింటే కదా! పక్కకు విసురుదామని తిప్పితే బుట్టలోనే పడేది. చివరికి కష్టపడి మూడు చక్రాలను ముళ్ళపొదల పాలు చేశాను. ముదీర్ నా భుజం తట్టి, "దిగులుపడకు, నీకు ప్రాక్టీసు తగ్గింది" అని, మంగళవారం సాయంత్రాలు కూడా పార్కుకు రమ్మన్నాడు.

పదకొండో శుక్రవారం ఐదో బుట్ట దగ్గర ఉండగా నా భార్య వీడియో కాల్ చేసింది. నా రెండు చేతుల్లోనూ చక్రాలున్నాయి. ముదీర్ సరదాకు నా ఫోన్ అందుకుని నమస్తే చెప్పబోయాడు. ఆమె ఆ సందు ఇవ్వలేదు.

"ఏందయ్యా, గడ్డమెప్పుడు పెంచినవ్? ఆ టోపీ ఏంది, దొర లెక్క? అత్తవా రావా, ఒక్క మాట చెప్పు. నువ్వు పక్కన లేకుంటే ఆ డాక్టర్ను నా కన్ను ముట్టనియ్య. మాట్లాడవేంది?"

ముఖం కళ్ళకు ఆనక ఫోన్‌ను ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. తెర నిండా ఒకటే కన్ను. నల్లగుడ్డు మీద మీగడ కట్టినట్టుంది. ముదీర్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఏమంటోంది?" అని నన్నడిగాడు.

ఎన్ని కథలైనా అల్లే నాకు ఒక్కటీ తోచలేదు. "మిమ్మల్ని నేననుకుంటోంది సార్. తిడుతోంది."

ఫోన్‌ను మెల్లగా బెంచీ మీద పెట్టి, తనూ కూర్చున్నాడు. "కాగితం ఏది?"

నా జేబులోనే ఉంది, చెమటకు మెత్తబడి మడతల దగ్గర చిరగబోతూ. దాన్ని చక్రం మీద పరుచుకున్నాడు. "ఎన్ని రోజులు?"

నలభై అనబోయి నాలుక కరుచుకున్నాను. "ఇరవై."

రాసి సంతకం చేశాడు. "ఇరవై ఒకటో రోజు పొద్దున హారన్ కొడతా" అన్నాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు. "ముందు ఈ బుట్ట పూర్తిచెయ్యి."

విసిరాను. గొలుసులు గల్లుమన్నాయి.

"అదేం సప్పుడు?" ఫోన్‌లోంచి నా భార్య.

"గొలుసులు."

"గొలుసులా? ఎవర్ని కట్టేసిండ్రు?"

"నన్నే. ఇరవై దినాలకు ఇడిసిండ్రు. అత్తున్న."

"మల్ల కోతలు మొదలువెట్టినవా?"

ముదీర్ చేతిలోంచి కాగితం తీసుకుని, నమ్ముతుందని తెరకు దగ్గరగా పట్టుకున్నాను. ఆమెకు అక్షరాలు కనిపించవన్న సంగతి కాసేపటికి గానీ గుర్తురాలేదు. అప్పుడు పైకి చదివి వినిపించాను, ఒక్క రోజు కూడా పెంచకుండా.