హాంకాంగ్ కథకి ఊ కొట్టిన శుక్రవారాలు

నిన్న శుక్రవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి, పొయ్యి మీద చేపల పులుసుకి ఉల్లిపాయలు వేగుతుండగా, గోడ అవతల పక్కవాళ్ళ టీవీలో ఎవరో నాకు తెలియని భాషలో మాట్లాడుతుంటే, చింతపండు పిసుకుతున్నదాన్ని పైకి వినబడేలా ‘ఊ’ అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. చేతిలో పిప్పి అలాగే ఉంచుకుని రెండో చేత్తో మంట తగ్గించాను.

మన వయసువాళ్ళకు ఊ కొట్టడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కథ చెప్పేవాళ్ళు ఒక మాట చెప్పి ఆగాలి, వినేవాళ్ళు ఊ అనాలి, అనకపోతే కథ అక్కడితో ఆగిపోవాలి. మా తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు, వాడికి అన్నం తినిపించే పని నాదే కాబట్టి కోనసీమలో ఉన్నన్నాళ్ళూ కథలు నేను చెప్పేదాన్ని, వాడు బుగ్గన ముద్ద పెట్టుకునే ఊ అనేవాడు. కువైట్‌లో, ఫహాహీల్‌లోని ఈ ఫ్లాట్‌కి వచ్చాక అది తిరగబడింది. ఇక్కడ వాడు చెప్పేవాడు, నేను ఊ కొట్టేదాన్ని.

వాడు కువైట్ వచ్చింది రెండువేల పది దాటాక. మా ఆయన తన కఫీల్‌ని, అంటే మా అందరి కాగితాలకూ పూచీ ఉన్న అరబ్బు యజమానిని, నెలల తరబడి అడిగి అడిగి వీసా తీయించారు. ఆ కఫీల్‌కే ఎగైలా మాల్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంటే అందులో పెట్టించారు. వాడు ఇక్కడ ఉండడానికిచ్చిన ఇఖామా కార్డు, వాడి ఉద్యోగం, మా హాల్లో వాడు పడుకునే మంచం, అన్నీ మా ఆయన మాట మీద నిలిచినవే. ఆ సంగతి మా ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, మా తమ్ముడు ఎప్పుడూ మరిచిపోలేదు.

మా ఆయన చమురు కంపెనీ కాంట్రాక్టులో క్రేను నడిపేవారు. గురువారం రాత్రి డ్యూటీ చేసి శుక్రవారం పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, మొహం మీద తువ్వాలు కప్పుకుని హాల్లో సోఫాలో పడుకునేవారు. ఆయన మూడింటికి లేస్తేగాని మాకు భోజనాల్లేవు. నేను స్కూలు లైబ్రరీలో పని చేసేదాన్ని. వారమంతా పుస్తకాలు సర్దడమే గాని చదవడానికి తీరేది కాదు, తెలుగు పుస్తకమైతే కంటపడేదే కాదు. శుక్రవారం వచ్చేసరికి ఎవరైనా ఏ దేశం కథైనా చెబితే చాలు, కళ్ళతో పని లేకుండా వింటాను అనిపించేంత అలసటగా ఉండేది.

అలాంటి రోజుల్లో వాడు దుకాణంలో ఇంటర్నెట్ నుంచి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాడు ఆ హాంకాంగ్ సీరియల్. కింద ఇంగ్లీషులో మాటలు పడతాయట, వాడు అవి చదువుకుంటూ నాకు తెలుగులో చెప్పేవాడు. నేను వంట చేస్తుండేదాన్ని, వంటింట్లోంచి టీవీ కనబడదు. చాలా బీద సీరియల్ అక్కా, అనేవాడు. ఎప్పుడూ అదే గది, అదే ఆకుపచ్చ సోఫా, తలుపు గట్టిగా వేస్తే గోడే ఊగుతుంది, పోయిన వారం డాక్టరుగా వచ్చినాయనే ఈ వారం కళ్ళజోడు తీసేసి ఇంటి ఓనరుగా వస్తాడు. ఆ గదిలో ఒక కుర్రాడూ, వాడిని చేసుకున్న అమ్మాయీ కాపురముంటారు. పెళ్ళి సంగతి కుర్రాడి అమ్మకు తెలియదు. ఆవిడ ఊరి అవతలి పేట నుంచి సూప్ క్యారియర్ పట్టుకుని చెప్పాపెట్టకుండా వస్తుంది, ఇద్దరూ రెండో టూత్‌బ్రష్ ఎక్కడ దాచాలా అని పరుగులు పెడతారు. నేను ఊ అంటూ నవ్వేదాన్ని. భోజనాల దగ్గర మా ఆయన, ఏరా బామ్మర్దీ, మీ హాంకాంగోళ్ళు ఇవాళేం తగలేసుకున్నారు, అని ఎగతాళి చేసేవారు.

ఒక శుక్రవారం వాడికి టీ ఇవ్వడానికి హాల్లోకి వెళ్ళి, గ్లాసు చేతికిచ్చి, తెర వంక చూశాను. ఆకుపచ్చ సోఫాలో ఇద్దరు మగపిల్లలు కూచుని ఉన్నారు. ఒకడు రెండోవాడి భుజం మీద తల ఆనించి నూడుల్స్ తింటున్నాడు. తమ్ముడు చెబుతున్న కథ అదే, మనుషులే వేరు. వాడు నా మొహం చూడలేదు. వంటింట్లోకి వచ్చి, తర్వాతేమైందిరా, అన్నాను. వాడు అమ్మాయితోనే కథ సాగించాడు, నేను ఊ కొడుతూనే ఉన్నాను. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడని ఊరుకున్నాను. ఈ దేశంలో బయట అనకూడని మాట, మా ఊళ్ళో ఇంట్లోనూ అనకూడని మాట అది.

ఆ చలికాలమే అమ్మ వాడికి సంబంధం చూసింది. అమ్మాయి టీచరు, నెమ్మదైన పిల్ల. ఒక శుక్రవారం సాయంత్రం వాడు అమ్మకు ఫోన్ చేసి సరే అని చెప్పాలి. చెబితే తాంబూలాలు పుచ్చుకుంటారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకో తెలిస్తే బావ ఇంట్లో ఉండనిస్తాడో, కఫీల్‌కి చెప్పి పంపించేస్తాడో వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఈ విషయంలో ఆయన ఏమంటారో నేను ఊహించలేకపోయాను.

ఆ మధ్యాహ్నం నేను చందువా చేప ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్నాను. వాడు సీరియల్ పెట్టాడు. ముసలావిడ మళ్ళీ సూప్ పట్టుకుని వచ్చింది, ఊ. ఈసారి టూత్‌బ్రష్ దాచలేదు, ఊ. ఆవిడ బల్ల మీద గిన్నెలు పెడుతోంది, ఊ. అక్కడ వాడు ఆగాడు. టీవీలో మాటలు కూడా ఆగిపోయాయి, వాడే ఆపేశాడు.

“అక్కా, ఇన్నాళ్ళూ నేను చెప్పిన అమ్మాయి ఇందులో లేదు. ఇద్దరూ అబ్బాయిలే. ఒకరంటే ఒకరికి ఇష్టం.” గొంతు తగ్గించి, “నేనూ అంతే,” అన్నాడు.

ఎన్నో వారాలుగా ఎదురుచూస్తున్న మాటే అయినా, వచ్చేసరికి ఊ అనడం మరిచిపోయాను. అమ్మ గుర్తొచ్చింది, సాయంత్రం ఫోను గుర్తొచ్చింది.

అప్పుడు సోఫాలోంచి, తువ్వాలు కిందనుంచి, మా ఆయన “ఊ” అన్నారు.

నేను కారం చేతులతోనే గుమ్మంలోకి వచ్చాను. ఆయన లేవలేదు, తువ్వాలు తీయలేదు. “ఆపేశావేంట్రా? ఆ ముసలావిడ సూపు పోసిందా, లేదా?”

వాడు రిమోట్ పట్టుకుని కూచున్నాడు. “పోసింది బావా. రెండు గిన్నెల్లోనూ పోసింది,” అన్నాడు.

“మరింకేం. యల్లా, కానీయ్, తర్వాతది పెట్టు.”

సాయంత్రం ఫోన్ ఆయనే చేశారు. అత్తయ్యగారూ, ఆ సంబంధం వద్దండి, వాడికి పెళ్ళి మీద మనసు లేదండి, మళ్ళీ చూడకండి, మీరు దిగులు పడకండి, వాడు మా దగ్గరే ఉంటాడు, అని చెప్పి పెట్టేశారు. అమ్మ కొన్ని నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మీకెప్పట్నుంచి తెలుసని నేను తర్వాత అడిగితే, ఆయన నా వంక చూడకుండా ఇంతే అన్నారు. “పల్చటి తువ్వాలది. దాంట్లోంచి టీవీ బాగానే కనబడుద్ది.”

ఆ తర్వాత కొన్నేళ్ళు శుక్రవారాలు అలాగే గడిచాయి. ఇద్దరం ఊ కొట్టేవాళ్ళం, నేను వంటింట్లోంచి, ఆయన సోఫాలోంచి. ఆ సీరియల్ అయిపోతే వాడు మరోటి తెచ్చాడు. తర్వాత వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఒక స్నేహితుడితో కలిసి ఉంటున్నాడు. ఇద్దరి ఫోటో పంపితే మా ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించారు. అది ఇంకా ఉంది. ఆయన లేరు. పోయిన ఏడాది డ్యూటీ నుంచి వచ్చి, సోఫాలో పడుకుని, మూడింటికి లేవలేదు.

తమ్ముడు రోజూ ఫోన్ చేస్తాడు గాని శుక్రవారం వాళ్ళకు పనిరోజు, రెండు మాటలకంటే కుదరదు. నాకు తోచదేమోనని ఏవేవో సీరియళ్ళు ఫోన్‌కి పంపుతుంటాడు. ఒకటి రెండు చూశాను. నేను ఊ అన్నా, అనకపోయినా అవి ఆగవు. ఒక భాగం అయిపోతే అడక్కుండానే రెండోది మొదలైపోతుంది. నేను ఫోను బోర్లా పెట్టి పనిలో పడతాను.

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఇప్పుడు కథ చెప్పుకోవడం లేదు.