పొగమంచుకి తాళాలివ్వని ఆంటీ

సహోదరీ సహోదరులారా, ఢిల్లీ ద్వారకలోని మన ఆంటీ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. సోమవారం పొద్దున్నే అంకుల్ ఫోన్ చేసి, నిద్రలోనే పోయిందని చెప్పారు. సంతాపసభలో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. రెండు మాటలతో ఆగడం నాకు చేతకాదని మీకు తెలుసు, అందుకే రాస్తున్నాను. ఏడుస్తూ రాయడం లేదు. గెలిచి వెళ్ళిన మనిషి గురించి ఏడుస్తూ రాయకూడదు.

ఆమె సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం వస్తే ఆమె పాత కారే మన సంఘానికి బండి. చలిలో మెట్రో దాకా నడవలేని పెద్దమ్మలను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, ఆర్.కె. పురంలో ప్రార్థన జరిగే క్వార్టరుకి తెచ్చేవారు. బయల్దేరేముందు స్టీరింగ్ మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకోకుండానే ప్రార్థన చేసేవారు. ఇదేం పద్ధతి ఆంటీ అని అడిగితే, "కళ్ళిచ్చినవాడు చూడమనే ఇచ్చాడు నాయనా" అన్నారు.

కొత్త సంవత్సరం ఆరాధనలో ఆ ఏటి వాగ్దాన వాక్యం స్టిక్కరు ఇస్తారు కదా. బయట ఢిల్లీ దుమ్ముకి నిలవదని దాన్ని వాళ్ళు కారు వెనకద్దానికి లోపలివైపు అంటించేవారు. కొత్త వాగ్దానం వచ్చాక పాతది ఉండకూడదని అంకుల్ పట్టుదల. పోయిన జనవరిలో ఆయన గడ్డం గీసుకునే బ్లేడు పట్టుకెళ్ళి పాతదాన్ని గీకి పారేశారు. దాంతోపాటు అద్దం మీదుండే సన్నని గోధుమరంగు గీతలూ మధ్యలో తెగాయి. వాటిలో కరెంటు పారి అద్దం వేడెక్కితేనే దానికి పట్టిన మంచు విడిచేది.

మరుసటి ఆదివారం విపరీతమైన పొగమంచు. వెనకద్దం నడుమంతా తెల్లగా మూసుకుపోయింది. ఆంటీ రివర్సు చేస్తూ సొసైటీ గేటు పక్కన పూలకుండీని గుద్దారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ అంకుల్ బెదిరిపోయారు. ఈ వయసులో ఇక చాలు, కారు అమ్మేద్దాం, తాళాలిచ్చెయ్ అని చెయ్యి చాచారు. వెనక సీట్లో పెద్దమ్మలు ముందుకి వంగి ఆ తాళాల వంకే చూశారు. ఆ తాళాలతో తమ ఆదివారాలూ పోతాయని వాళ్ళకి తెలుసు.

"బ్లేడు పట్టింది మీరు. తాళాలివ్వాల్సింది నేనా?" అన్నారు ఆంటీ.

వచ్చే ఆదివారానికి అద్దం తేటపడకపోతే తనే ఇచ్చేస్తానని మాటిచ్చారు. మెకానిక్‌ని అడిగితే అద్దం మొత్తం మార్చాలన్నాడు, ఈ మోడలుకి దొరకదని కూడా అతనే అన్నాడు. ఠీక్ హై భయ్యా అని వచ్చేశారు. ఫోన్‌లో వీడియోలు చూసి, కరెంటు పారేలా వెండి కలిసిన పెయింటు చిన్న సీసా తెప్పించారు.

నేను వెళ్ళేసరికి ఆమె ఎండలో నిలిపిన కారు వెనక సీటు మీద మోకాళ్ళూని ఉన్నారు. ప్రార్థనేమో అనుకుని తల వంచాను. చూస్తే ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో సన్న కుంచె. తెగిన ప్రతిచోటా స్పిరిటుతో తుడిచి, గీతకి పైనా కిందా టేపు అంటించి, సందులో పెయింటు నింపుతున్నారు. ఆరాక మళ్ళీ ఇంకో పూత. బైబిల్లో ఒక చేత్తో గోడ కడుతూ ఇంకో చేత్తో ఆయుధం పట్టినవాళ్ళ సంగతి నాకు గుర్తొచ్చి, గ్రంథం తెరిచాను.

"వాక్యం తర్వాత చెబుదువుగాని, ముందు ఈ టార్చి పట్టుకో."

పట్టుకున్నాను. తెగిందంటే మొత్తం మార్చెయ్యమనే లోకమిది. తెగినచోటు ఎక్కడో వెతికి, అంతమేరకే ఓపిగ్గా అతికేవాళ్ళు దేవుడికి కావాలి. ఇరవై ఏళ్ళు ప్రసంగాలు చేసినా నాకు తట్టని మాట ఇది.

ఆదివారం మళ్ళీ అదే మంచు. పెద్దమ్మలు కూర్చున్నారు, ఆంటీ స్విచ్ నొక్కారు. కారు వెనక అంకుల్, నేను. అద్దం పైభాగంలో మంచు విడిచింది, కిందిభాగంలో విడిచింది, నడుమ తెల్లగానే ఉంది. అంకుల్ శాలువాలోంచి చెయ్యి బయటికి తీశారు. తాళాలడగడానికే అనుకున్నాను. అంతలో ఆ తెలుపులో సన్నగా ఒక చార తేటపడింది. దాని కింద మరొకటి. చారలు వెడల్పై ఒకదాన్నొకటి కలుసుకున్నాయి.

అంకుల్ ఆ చెయ్యి ఊపుతూ, రానీ, రానీ అని రివర్సు చేయించడం మొదలుపెట్టారు.

కారు గేటు దాటింది. మంచు దాని చక్రాలను మింగింది, రంగును మింగింది. ఆ అద్దం మాత్రం మిగిలింది. అందులో కొంగులు కప్పుకున్న పెద్దమ్మల తలలు, అప్పుడే పాట ఎత్తుకున్నట్టు, ఒకే తాళానికి ఊగుతున్నాయి.