మామ చెవి వెనక పుట్టుమచ్చ

నేను చెప్పేదాంట్లో సగం గాలి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

పుంగనూరులో మా మామకు ఒక పొట్టి ఆవుంది. అది మంచం కింద నుంచి నడిచిపోయినా పైన పడుకున్నవాడికి మెలకువ రాదు. రోజూ దాని చెవుల్లోంచి రక్తం తాగే పిడుదులు ఏరి గోటితో నలపడం మామకు కాఫీకన్నా ముందు పని.

మొన్న వానలు వెలిశాక ఆయనకు జ్వరం తగిలింది. రెండో రోజు నేను కుప్పం నుంచి వెళ్లేసరికి ఒళ్లు పెనంలా ఉంది; దోసె పోస్తే తిప్పకుండానే కాలేది. అన్నట్టు, ఆయన చెవి వెనక కొత్తగా ఒక నల్లటి పుట్టుమచ్చ.

"చెవెనక మచ్చ రాజయోగమప్పా. గోకొద్దు, అట్లే ఉండనీ," అంది అత్త.

డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు. ఐదో రోజు మామ నన్ను చూసి, "ఎవురప్పా నువ్వు?" అన్నాడు. అత్త చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన్ని కారులో వేసుకుని మదనపల్లెకు పరిగెత్తాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఏం మేపుతారు?"

ఆవని చెప్పాం. ఆమె మామ చంకలు, జుట్టు, మోకాళ్ల వెనక అంతా వెతికి చెవి దగ్గర ఆగింది.

"ఇదేంది?"

"పుట్టుమచ్చమ్మా. రాజయోగం," అంది అత్త.

"రాజయోగానికి కాళ్లుండాయి సూడమ్మా."

ఎనిమిది కాళ్లు! డాక్టరమ్మ సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెల్లగా నిటారుగా లాగి సీసాలో వేసింది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టింది. నేను సీసాకు ముక్కు ఆనించాను. పిడుదు బెల్లం బుట్టంత ఉంది.

"ఇది ఎగిరొచ్చి పడతాదా అమ్మా?"

"ఎగరదు, దూకదు. గడ్డి కొసకెక్కి ముందుకాళ్లు చాపుకోని కాసుకోనుంటాది. పక్కన పోయే ఊపిరి తెలిస్తే పట్టుకుంటాది. కడుపు నిండితే తనే రాలిపోతాది."

"ఎవురూ రాకపోతే?"

"నెలలు పస్తుంటాది."

టిఫిను పావుగంట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే నేను, సీసాకు దండం పెట్టబోయి ఆగాను.

"గోటితో నలిపేది మానేయమనండి. ఆ రక్తం పుండుకు తగిలినా రోగమొస్తాది," అందామె. "ఇంకో రెండు దినాలు ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు."

మందు పడిన మూడో రోజు మామ కళ్లు తెరిచి, "అల్లుడా, ఆవుకు నీళ్లు పెట్టినారా?" అన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది.

మంచం, దోసె, బెల్లం బుట్ట ఎలాగూ మీరు నమ్మరు, కాబట్టి అవి అబద్ధాల లెక్కలోకి రావు. నేను నిజంగా కల్పించింది ఒకటే. రాజయోగమని మొదట అన్నది అత్త కాదు. "ఏదో పురుగు మాదిరి ఉండాది, సూడప్పా," అని ఆమె రెండో రోజే నన్ను పిలిచింది. కళ్లజోడు తెచ్చుకోవడానికి బద్ధకించి, పుట్టుమచ్చ, రాజయోగం, ముట్టుకోవద్దు అని చెప్పింది నేను.