తీగకు అవతల గోధుమలు

లర్నకా విమానాశ్రయంలో దిగేసరికి సన్నని వాన. ఉప్పు సరస్సులో ఫ్లెమింగోలు తడుస్తూ నిలబడ్డాయి. తెల్ల జీపు ఎక్కించారు. సైప్రస్ దీవిని రెండుగా చీల్చిన సరిహద్దుల నడుమ ఖాళీ భూమి ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళం తరఫున అక్కడ మా కావలి. నీలం టోపీ, రేడియో, దుర్భిణి. ఎర్రమట్టి, కారబ్ చెట్లు. కప్పు కూలిన చర్చి, దాని వెనక, ముళ్లతీగకు అవతల సమాధులు. మనుషులు లేరు.

ఇప్పుడు జర్మనీలో, కార్ల్స్‌రూహెలో మా అమ్మాయి దగ్గరుంటున్నాను. ప్రార్థన కూడికకు వచ్చే విద్యార్థులు ఈస్టర్ సెలవులకు ఆ దీవికి టికెట్లు కొన్నారు.

"ఆఫీసుల్ల టెర్మిన్‌లు, అపాయింట్‌మెంట్ల గోలతోని అలిసిపోయినం అంకుల్. ఆడ ఏం చూడాలె? తిండి ఏం మంచిగుంటది?"

సలమిస్ స్తంభాలు చూడండి, అపొస్తలులు ఓడ దిగిన చోటు, అన్నాను. కాల్చిన హలూమీ జున్ను తినండి. నేను తిన్నది ఇంకొకటి ఉంది. అది హోటళ్లలో అడగకండి.

ఏడాదికి ఒక్క ఉదయం పాత ఊరివాళ్లను ఆ చర్చికి రానిచ్చేవారు. ఆ చలికాలం ఒక్క ముసలమ్మే వచ్చింది, దుబాసీ వెంట. చేతిలో పళ్లెం. ఉడికించిన గోధుమలు, దానిమ్మ గింజలు, పైన చక్కెర పొడి. కొడుకు సమాధి దగ్గర ప్రార్థించి అవి పంచాలి. వాళ్ల ఆచారం. మోకాళ్లు పోయాయి, మళ్లీ రాలేనంది.

రేడియో పలికింది. "వానకు మట్టి జారింది. సమాధుల్లో పాత మందుపాతర తేలింది. తీగ దాటనివ్వొద్దు."

దుబాసీ చేత చెప్పించాను. ఆమె తీగ పట్టుకుని ఒక సిలువను వేలితో చూపింది. తర్వాత పళ్లెం మా ముందుంచింది. నా రేడియో ఆపరేటర్ కడపవాడు, విశ్వాసి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"గుగ్గిళ్ల మాదిరే ఉండాయి సార్. చచ్చినోళ్లకు పెట్టింది మనం ముట్టగూడదు గదా."

"విగ్రహానికి పెట్టింది కాదురా. దేవుడికి ప్రార్థించి పంచేది."

"సంఘపెద్ద మీరే గదా, ముందు మీరు తినండి సార్. శాపం తగిల్తే మీకే తగల్నీ."

ఆమెకు మా మాటలు తెలియలేదు. ముఖాలు తెలిశాయి. విషమని జంకుతున్నామనుకుంది. తానే ఒక చెంచాడు తిని, మింగి, నోరు తెరిచి చూపింది.

ఆపరేటర్ టోపీ తీశాడు. "అయ్యో, అవ్వా!" అని దోసిలి పట్టాడు. ఇద్దరం తిన్నాం. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. ఆ తల్లి కోసం ప్రార్థించాను, తెలుగులో. చివర ఆమె "ఆమెన్" అంది.

మిగిలినవి గుప్పిళ్లతో తీగ మీదుగా విసిరింది. గాలి ఎదురు. ఒక్క గింజా సమాధిని చేరలేదు.

వేసవి రాకముందే మా గడువు తీరింది. అంతవరకూ గస్తీకి వెళ్లినప్పుడల్లా తీగ దగ్గర ఆగేవాణ్ణి. గోధుమ గింజ మట్టిలో చస్తేనే ఫలిస్తుందన్న ప్రభువు మాట నమ్మి పెరిగినవాణ్ణి.

"ఉడికినవి సార్. మొలవవు," అనేవాడు ఆపరేటర్, మెల్లగా.

తెలుసు. అయినా చూసేవాణ్ణి.

పునరుత్థానం ఉంది. నాకు సందేహం లేదు. కానీ ఇక్కడ, కూడికలో కళ్లు మూసుకున్నప్పుడు, ఆ సిలువ కనబడదు. దానికి ఇవతలే ఎర్ర బురదలో పడి, వానకు చక్కెర కరుగుతున్న గింజలు కనబడతాయి.