వాగుల దొరికిన గాలి

ఎనభైల మొదట్ల, ఉట్నూరు దవాఖానల నర్సుగా కొత్తగ చేరిన. వారానికి నాలుగు దినాలు జీపుల గూడేలకు పోయి పిల్లలకు సూదులేసేదాన్ని. జీపు నడిపెటాయన మా బాపు ఈడాయన. నేను కాకా అంటుంటి, ఆయన నన్ను బిడ్డా అనేటోడు.

పొద్దుగాల బయలెల్లే ముందు కాక చేతికర్రతోటి నాలుగు టైర్లను కొట్టి, తల వంచి ఇనేటోడు. గాలి నిండుగుంటే టంగుమనేది, తక్కువుంటే దబ్బుమనేది. మందుల డబ్బ ఒళ్లె పెట్టుకొని, సగం నిద్రల నేను గా చప్పుళ్లు ఇంటుంటి. అవి మంచుల నుంచి, ఎక్కడో దూరంగ ఎవరో తలుపు తడుతున్నట్టు వచ్చేటివి.

ఇప్పపూలు రాలే దినాలల్ల ఎడమ దిక్కు వెనక టైరు రెండు దినాలకోసారి మెత్తబడవట్టింది. పంచర్ల దుకాణంల ట్యూబు నీళ్ల తొట్టిల ముంచి చూసిండ్రు. ఒక్క బుడగ రాలే. గాలి పట్టి పంపిండ్రు.

ఒకనాడు మూడు టైర్లు టంగుమన్నయి. నాలుగోది దబ్బుమన్నది. కాక తల ఊపి, "మంచిగుంది, ఎక్కు బిడ్డా" అన్నడు.

"వెనకది మెత్తగుంది కాకా" అన్న. ఆయన ఎక్కి ఇంజను చాలు చేసిండు. నేనే తప్పు ఇన్ననేమో అనుకొని ఊకున్న.

రెండు కోసుల దూరం పోయినంక వాగు ఒడ్డున జీపు ఒక పక్కకు ఒరిగింది. దిగి చూస్తే టైరు ఇసుకకు అంటుకొని ఉంది. కాక చేతిపంపుతోటి గాలి కొట్టి, వంగి టైరు చుట్టూ చెవి పెట్టుకుంట వచ్చిండు.

"ఏం ఇనిపిస్తలేదు" అన్నడు.

నాకు మాత్రం గాలి కొట్టే మూతి కాడ సన్నగ సుయ్యిమంటుంది. "గిక్కడ కాకా" అని చూపిచ్చిన. దోసిట్ల వాగు నీళ్లు తెచ్చి పోసిండు. మూతి మీద బుడగ లేచింది. దాంట్ల చెట్లు, ఆకాశం, మేమిద్దరం తలకిందులుగ కనబడ్డం. అది పగిలే దాకా ఇద్దరం దాన్నే చూసినం. దుకాణంల ట్యూబును ముంచిండ్రు గని మూతిని నీళ్ల మీదనే ఉంచిండ్రు. లోపలి పిన్ను వదులైంది, గంతే. కాక మూతికి పెట్టే చిన్న మూతను తిరగేసి, దాని కొసతోటి పిన్ను బిగిచ్చిండు.

బిగిచ్చి, ఇసుకల కూసున్నడు. "ఏడాదాయె బిడ్డా, చెవులు పోవట్టి. కర్ర కొడితే చేతికి తెలుస్తుండె. గిప్పుడు చెయ్యి గూడ మొద్దువారింది. ఆఫీసుల చెప్తవా?"

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె కాకా. ఎదురుంగ లారీ హారన్ కొడితే ఎట్ల?" అని ఆయన చెవి కాడ గట్టిగ అన్న.

ఆయన చేతుల ఇసుక దులుపుకున్నడు. గూడెంల పిల్లలు ఎదురుచూస్తున్నరని లేచిండు. దారిపొడుగూత ఇప్పపూల వాసన. మెల్లగ నడిపిండు, చానా మెల్లగ.

తెల్లారి తనే పోయి ఆఫీసరుకు చెప్పిండు. జీపు ఇంకొకాయనకు ఇచ్చి, కాకను మందుల గదిల ఏసిండ్రు. నెల దినాలు నా మొఖం చూడలే. ఎదురుపడితే తొవ్వ మార్చేటోడు. నేను చేసింది తప్పేమోనని చానా సార్లు బాధపడ్డ.

ఒకనాడు పొద్దుగాల నేను మందులకు పోతే, సామాన్ సర్దుకుంటనే, చెవులు ఇనరానోళ్లు మాట్లాడినట్టు పెద్దగొంతుతోటి అన్నడు: "బిడ్డా, చాయ్ తాగి పో."

మందుల పెట్టె మీద కూసొని తాగిన.