వాడి అడ్రసు మీద నా కన్ను

పక్కవాడి బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో మనకు తెలియదు. ఆ తెలియకపోవడంలో ఎంత సుఖం ఉందో నా మిత్రుడు క్రిప్టో కొన్నాకే నాకు తెలిసొచ్చింది.

ఇద్దరం సూర్యాపేటలో ఒకే గల్లీలో పెరిగాం. వాళ్ళది మార్కెట్ యార్డులో ధాన్యం కమీషన్ దుకాణం. వాళ్ళ నాయన పోయాక వాడే చూసుకుంటున్నాడు. నేను కామర్స్ చదివి కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చెబుతున్నాను. రోజూ బస్సులో పోయి వస్తాను. చదువులో నేను ముందు, వ్యవహారంలో వాడు ముందు. రెండూ కలిపి చూసుకుంటే ఇద్దరం సమానమేనని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను.

రెండేళ్ళ కింద నా పుట్టినరోజున వాడు దుకాణంలో నన్ను గద్దె మీద కూర్చోబెట్టి, నా ఫోన్ లాక్కుని, అందులో ఒక వాలెట్ యాప్ దింపాడు. తన ఫోన్ నుంచి దాంట్లోకి చిటికెడు కాయిన్ పంపాడు. బిట్‌కాయిన్ కాదు, దాని తరవాత పేరున్న ఇంకోటి.

"ఏందిరా ఇది?" అన్నాను.

"కొసరు అనుకో. ఉండనియ్యి, పిల్లలకు పనికొస్తది" అన్నాడు. యాప్ చూపించిన పన్నెండు ఇంగ్లీషు మాటల్ని నాతో కాగితం మీద రాయించాడు. "ఇవి ఎవ్వనికి సూపియ్యకు. నీ పెండ్లానికి గూడ సూపియ్యకు. ఇవి ఎవని చేతుల ఉంటే సొమ్ము వానిదే."

మాటలు దాచుకొమ్మని చెప్పాడు గానీ, ఇంకో సంగతి వాడికీ తెలియదు. ఇంటికి పోయి ఆ కొసరు ఎక్కడి నుంచి వచ్చిందా అని వేలుపెట్టి చూశాను. పంపినవాడి అడ్రసు వచ్చింది. నలభై పైచిలుకు అక్షరాలు, అంకెలు కలగలిసిన పొడుగాటి తోక. దాని మీద నొక్కితే వాడి వాలెట్ చరిత్రంతా తెరుచుకుంది. ఎప్పుడు కొన్నాడు, ఎంత కొన్నాడు, ఇవాళ్టికి దాని విలువెంత, అన్నీ వరసగా ఉన్నాయి. పేరు మాత్రం లేదు. ఆ పేరు నాకు తెలుసు కదా. ఒక్కసారి ఎవరికైనా కాయిన్ పంపితే ఇక వాడు బతికున్నంతకాలం మన పెట్టెలోకి తొంగి చూడొచ్చు. ముట్టుకోలేడు, అంతే. అందులో ఉన్నది చూసి ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అప్పటి నుంచి అదో జబ్బయింది. పొద్దున బస్సు చివ్వెంల దాటేలోపు ఒకసారి, మునగాల దగ్గర ఒకసారి, కాలేజీలో క్లాసుకూ క్లాసుకూ మధ్య ఒకసారి చూసేవాణ్ణి. ధర పడిపోయిన రోజున పిల్లలకు పకోడీలు కొనుక్కుపోయేవాణ్ణి. పెరిగిన రోజున వాళ్ళ ప్రోగ్రెస్ కార్డులు అడిగి మరీ తిట్టేవాణ్ణి. ఆ అడ్రసు ముందు అక్షరాలే కాదు, నడుమవి కూడా నాకు నోటికి వచ్చేశాయి.

"అన్నం తినేటప్పుడు గూడ గా ఫోన్లనే తల పెడ్తరు. ఏముంటది అండ్ల?" అని మా ఆవిడ అడిగింది.

"షేర్ మార్కెట్."

"మనకు షేర్లు ఏడున్నయి?"

ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.

అసలు మంట మాత్రం మిర్యాలగూడ సంగతి తెలిశాక మొదలైంది. అక్కడ ఒక పెద్ద రైస్ మిల్లులో సగం వాటా అమ్మకానికి వచ్చింది. మిల్లు సేటు ముసలాయన. భాగస్థుడు తప్పుకుంటున్నాడు, నమ్మకస్తుడైన మనిషి కావాలి. మా వాడు ఉన్న కాయిన్లన్నీ అమ్మేసి ఆ వాటా తీసుకుంటానని మాటిచ్చి వచ్చాడు. వాడి జీవితంలో అంత పెద్ద అడుగు అదే. నాకు చెప్పేటప్పుడు చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను నవ్వాను. లోపల మాత్రం, వీడు మిల్లు ఓనరైతే ఇక వీడి పక్కన నేను ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి అన్న ఒక్క మాటే తిరిగింది.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు కోదాడాయనే. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఆయన్ని మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఈ క్రిప్టో ఎంతవరకు భద్రం మాస్టారూ? ఎవడన్నా పగలగొట్టగలడా?"

"పగలగొట్టడమా? కుదరదండీ" అన్నాడాయన. "ఆ పన్నెండు మాటల వెనకున్న రహస్య సంఖ్యని ఊహించడానికి ఉన్న కంప్యూటర్లన్నీ కలిపి కూర్చోబెట్టినా మన మనవళ్ళ మనవళ్ళ కాలానికి కూడా తేలదు. చాలా యాప్‌లు అడ్రసులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా తీసుకోవు కూడా. కాకపోతే ఒకటుందండీ. పంపింది పంపిందే. వెనక్కి తిప్పమని అడగడానికి మేనేజరంటూ ఎవరూ ఉండరు."

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. రెండేళ్ళు రెప్పవేయకుండా చూశాను, ఆ తాళం మాత్రం పగల్లేదు. మాస్టారి మాటలు విని ఆ పూట పెరుగన్నం కూడా చేదనిపించింది.

ఇక్కడ మా మార్కెట్ అలవాటు ఒకటి చెప్పాలి. ధాన్యం వ్యాపారంలో లారీ నంబరు మొత్తం ఎవరూ చదవరు. ఆఖరి నాలుగంకెలే లారీ పేరు. లోడు ఎత్తినా, కాంటా వేసినా, మిల్లుకు ఫోన్ చేసి చెప్పినా ఆ నాలుగంకెలతోనే పని జరిగిపోతుంది. వాళ్ళ నాయన అట్లాగే చేశాడు, వాడూ అట్లాగే చేస్తున్నాడు. ఒక్క లారీ కూడా ఎప్పుడూ వేరే మిల్లుకు పోలేదు. ఒకే యార్డులో ఒకే రోజు అవే నాలుగంకెలున్న రెండు లారీలు రావడం ఎక్కడో గానీ జరగదు. వచ్చినా డ్రైవర్ ముఖం తెలుసు కదా.

కాయిన్లు అమ్మాలంటే వాటిని తన వాలెట్ నుంచి, అమ్మిపెట్టే కంపెనీ తనకిచ్చిన అడ్రసుకు పంపాలి. ఆ రోజు నేను కాలేజీ స్టాఫ్‌రూములో ఉన్నాను. అలవాటుగా ఫోన్ తెరిస్తే వాడి వాలెట్లో కదలిక కనిపించింది. ముందు కొంచెం పంపాడు. బస్తాలోంచి గుప్పెడు తీసి చూసినట్టు శాంపిల్ అన్నమాట. అది చేరింది. మా వాడు ఒళ్ళు దగ్గర పెట్టుకునే పని చేస్తున్నాడని ఒప్పుకోక తప్పలేదు.

కాసేపటికి ఇంకో వరస వచ్చి చేరింది. ఎవరో వాడికి చిల్లిగవ్వకు కూడా కొరగానంత పంపారు. ఎవరా అని ఆ అడ్రసు చదివాను. మొదటి అక్షరాలు ఇందాక శాంపిల్ పోయిన అడ్రసువే. ఆఖరివీ అవే. నడుమ మాత్రం అన్నీ వేరు. వాడు ఎటు పంపుతున్నాడో కనిపెట్టి, మొదలూ కొసా సరిపోయే అడ్రసును తయారుచేసుకుని, ఎవడో కావాలనే దాన్ని వాడి లిస్టులో పైన కూర్చోబెట్టాడు. మామూలుగా వాలెట్ యాప్‌లో నడుమ అక్షరాలు కనబడవు. వాటి చోట చుక్కలుంటాయి. రెండోసారి పంపేటప్పుడు చాలామంది లిస్టులో పైనున్న అడ్రసునే కాపీ చేసుకుంటారు. అదీ తప్పుల్లేని అడ్రసే కాబట్టి యాప్ అడ్డుపడదు. దొంగకు కావలసింది అంతే. తాళం పగలగొట్టే పనే లేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"అరేయ్, ఆగు. ఇంక పంపకు."

"ఏం పంపకు?"

"నీ లిస్టుల ఇంకో అడ్రసు వచ్చి చేరింది. మొదలు, కొస అవే. నడుమ వేరే ఉన్నయి. అది దొంగది."

"నేను శాంపిల్ పంపిన సంగతి నీకెట్ల ఎరుక?"

"కనబడ్డది."

"నా దాంట్ల తొంగి సూస్తున్నవా? ఎన్నొద్దుల సంది?"

"గది తర్వాత మాట్లాడుకుందాం. ముందు అడ్రసు మొత్తం చదువు, నీ దండం పెడ్త."

"ఆఖరి నాలుగు సూసిన. సరిపోయినయి. ఒక్క అక్షరం తప్పున్నా యాప్ తీస్కోదు, నాకు తెల్వదా? నేను మిల్లు కొనుడు నీకు ఓర్వబుద్ధయితలేదు. గది చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను ఓర్వలేకపోయాను. కానీ నేను చెప్పింది కూడా అబద్ధం కాదని వాడికి ఎట్లా నమ్మించను? నా కడుపుమంట సంగతి తెలిసినవాడు నా మాట ఎందుకు వింటాడు? ఫోన్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కొత్త వరస వచ్చింది. వాలెట్లో ఉన్నదంతా పోయింది. నడుమ అక్షరాలు చదివాను. దొంగదే.

సాయంత్రం వాడి దుకాణానికి పోయాను. షట్టరు సగం దించి లోపల బస్తాల మీద కూర్చున్నాడు. "పోయిందిరా" అన్నాడు. అప్పుడు నా కడుపులో చల్లగా అయింది. అబద్ధం చెప్పను, చాలా చల్లగా అయింది. వీడు మళ్ళీ నాతో సమానమయ్యాడనుకున్నాను. ఆ తరవాతే వాడు ఆ అడ్రసును ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువుకుంటుండటం చూశాను. పక్కన కూర్చుని, రెండేళ్ళుగా రోజూ చూస్తున్న సంగతి ఒప్పుకున్నాను.

ఫిర్యాదు రాయించడానికి పోలీస్ స్టేషనుకు ఇద్దరం కలిసే పోయాం. "ఏ బ్యాంకుకు పోయింది? ఎవరి పేరు మీద ఉన్నది?" అని అడిగారు. బ్యాంకూ లేదు, పేరూ లేదు. ఉన్నది ఆ పొడుగాటి తోక ఒక్కటే. రాసుకున్నారు. వాడి సొమ్ము ఆ అడ్రసులో అట్లాగే కనబడుతోంది. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు, దొంగ తప్ప ఎవరూ తియ్యలేరు. వాడు తన బొటనవేలితో తానే ఒత్తి పంపాడు. లెక్క ప్రకారం అంతా సక్రమంగా జరిగినట్టే.

మా ఆవిడకు చెబితే, "మీ సూపే తగిలింది" అంది. నవ్వుతూనే అంది గానీ, మర్నాడు వాడింటికి పప్పూ పచ్చిపులుసూ చేసి పంపింది. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా అంత కమ్మగా వండలేదు.

మాటిచ్చిన గడువు దగ్గరపడింది. వాటా తీసుకోలేనని సేటుకు ఎదురుగా చెప్పి రావాలన్నాడు వాడు. ఒక్కడే పోతే ఏమైపోతాడోనని వాడి భార్య నన్ను వెంట పొమ్మంది. మిల్లు ఆవరణంతా ఉప్పుడు బియ్యం కోసం ఉడికించిన వడ్ల వాసన. సేటు చిన్న గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా వాడు నిలబడే జరిగిందంతా చెప్పి, "మాట నిలబెట్టుకోలేకపోయిన సేటూ" అని తల వంచుకున్నాడు.

నేను గోడకానుకుని చూస్తున్నాను. ఇక ఇంటికి పోవడమే అనుకుంటున్నాను.

సేటు ఇంకో కుర్చీ మా వాడి వైపు జరిపాడు. తరవాత అన్నాడు. "మీ నాయన కాలం సంది మీ దుకాణం ధాన్యం నాకొస్తున్నది. తేమ దాచిపెట్టి ఒక్క బస్త పంపలె మీరు. గది నాకు చాలు. భాగస్థుని పైసలు నేను కడ్త, వాటా నీదే. పంట పంటకు ఇంత తీర్చు."

మా వాడు ఏడ్చేశాడు. కడుపులోని చల్లదనమంతా ఆ నిమిషంలోనే ఆవిరైపోయింది. అంత పోగొట్టుకుని వచ్చినవాడికి నోటిమాట మీద సగం మిల్లు! ఇన్నేళ్ళ నా సర్వీసులో నా నోటిమాట మీద ఎవరైనా ఒక కుర్చీ అన్నా ఇచ్చారా?

"ఈయనెవరు?" అని సేటు నా వైపు చూశాడు.

"మా దోస్తు. కోదాడల అకౌంట్స్ చెప్తడు. ఫోన్ చేసి ఆగుమన్నది ఈయననే. నేనే తిట్టి పెట్టేసిన."

"నీకెట్ల తెల్సిందయ్యా?"

నేను గోడ మీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాను. మా వాడే కళ్ళు తుడుచుకుంటూ జవాబిచ్చాడు. "నా లెక్క నాకంటె వీనికే ఎక్కువ తెలుసు సేటూ. రెండేండ్ల సంది దినాం సూస్తున్నడు."

నిలబడ్డచోటే భూమి చీలితే బాగుండుననిపించింది. సేటు మాత్రం కుర్చీ కదిలేటట్టు నవ్వాడు. "గట్లయితే మిల్లు లెక్కలు ఈయనకే అప్పజెప్పు. గింత పట్టుగ సూసేటోడు జీతమిస్త అన్నా దొరకడు."

తిరిగొచ్చేటప్పుడు కారులో వాడే అడిగాడు. "వస్తవా?"

"నీ దగ్గర జీతానికా?"

"ఎట్లైనా సూస్తనే ఉంటవ్. జీతం తీస్కోని సూడు."

వాడి మొహంలో వెటకారం వెతికాను. కనబడలేదు. ఉండి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మిర్యాలగూడ పోతున్నాను. వాడి మిల్లు బాగా నడుస్తోంది. ఎంత బాగా నడుస్తోందో, పైసలతో సహా, నాకంటే బాగా ఇంకెవరికీ తెలియదు.